దాసరి మాంత్రికులకు లెక్కుంది

ఈ మధ్య ఫాంటసీ నవల ఏది తెరిచినా ముందు పటం ఎదురొస్తోంది. పటం తర్వాత రాజవంశాల పట్టిక, ఆ తర్వాత పేర్లు ఎట్లా పలకాలో చెప్పే పేజీ. కథలో అడుగు పెట్టేసరికి చదివేవాడికి సగం ఓపిక అయిపోతుంది. ఇట్లాంటివి నాలుగైదు వరసగా చదివి విసుగెత్తి, దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మళ్లీ తీశాను. కుండలినీ ద్వీపం, ఆకాశంలో తోకచుక్క, జనంలో అరిష్ట భయం, సముద్రం మీదికి బయల్దేరిన నావలు, వాటికి నాయకుడు సమరసేనుడు. ఇంతే. ఆ ద్వీపానికి ఉత్తరాన ఏముందో, పన్నులు ఎవరు వసూలు చేస్తారో రచయిత చెప్పడు, మనకూ అడగబుద్ధి కాదు. నావ ఎక్కేశాం గదా.

‘తోకచుక్క’ పిల్లల మాసపత్రిక చందమామలో సీరియల్‌గా మొదలైంది 1954లో. అప్పటికి దాసరికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. తెనాలి దగ్గరి పల్లెలో పుట్టి, 1952లో మద్రాసు వచ్చి చందమామలో చేరి, అక్కడే యాభై ఏళ్లకు పైగా ఉండిపోయిన మనిషి. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు: అన్నీ ఆయన చేతివే. ఏ ఒక్కదాని మీదా ఆయన పేరు అచ్చయ్యేది కాదు. ఆ సీరియళ్లు మన దేశభాషలు చాలావాటిలోకి వెళ్లాయి. ఎన్ని ఇళ్లల్లో పిల్లలు నెల మొదట్లో పోస్టుమాన్ కోసం వాకిట్లో నిలబడ్డారో, వాళ్లల్లో నూటికి తొంభైమందికి రాసిందెవరో తెలియదు.

కడప జిల్లాలో మా తుమ్మలపల్లె వైపు వాళ్లకు ఈ కథల మీద కొంచెం హక్కుందని నాకో పిచ్చి నమ్మకం. చందమామను 1947 జులైలో మొదలుపెట్టిన బి.నాగిరెడ్డి కడప జిల్లా మనిషి. ఆయన అన్న, సినిమా దర్శకుడు బి.ఎన్.రెడ్డి పుట్టింది పులివెందుల తాలూకాలో. 1951లో ‘పాతాళభైరవి’ తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి, జమ్మలమడుగు నుంచి బస్సెక్కితే ఎంతసేపు! వాన సరిగా పడని ఈ నేల మనుషులు మద్రాసు వడపళనిలో కూర్చొని తెలుగువాళ్లకు మాంత్రికులను, మాయాద్వీపాలను పంచిపెట్టారు. డబ్బు, ముద్రణ మావాళ్లవి. రాత మాత్రం గుంటూరు జిల్లాది, ఒప్పుకోవాల్సిందే.

ఇక పనితనం సంగతి. మొదట పేర్లు చూడండి. ‘తోకచుక్క’లో ఒకరికొకరు పడని మాంత్రికులు ఇద్దరు: ఏకాక్షి, చతుర్నేత్రుడు. ఒకడికి ఒక కన్ను, ఇంకొకడికి నాలుగు. పేరు చదవగానే ముఖం కళ్ల ముందుకొస్తుంది, మళ్లీ వర్ణన అక్కర్లేదు. నెలకొకసారి కథ చదివే పిల్లవాడు మధ్యలో ముప్పై రోజులు బడికి పోవాలి, ఎక్కాలు వల్లెవేయాలి, జ్వరం తెచ్చుకోవాలి. అన్ని రోజుల తర్వాత కూడా పాత్ర మరుపున పడకూడదంటే దాని గుర్తు పేరులోనే ఉండాలి. దాసరి ఈ పద్ధతిని చివరిదాకా వదల్లేదు. జ్వాలాద్వీపంలో ఉగ్రాక్షుడు, రాకాసిలోయలో బ్రహ్మదండి, మాయాసరోవరంలో సిద్ధసాధకుడు. ఇప్పటి నవలల్లో ఒకే అక్షరంతో మొదలయ్యే రాకుమారులు నలుగురుంటారు. ఎవరు ఎవరో తెలియక నేను వెనక్కి పేజీలు తిప్పుకుంటూ కూర్చుంటాను.

పేర్ల తర్వాత పరివారం. ఏకాక్షికి కాలభుజంగం, కంకాళం. చతుర్నేత్రుడికి గుడ్లగూబ, నరవానరం. ఇక్కడే నాకు దాసరి గడుసుతనం కనిపిస్తుంది. మాంత్రికుడు కళ్లు మూసుకొని జగమంతా చూసేస్తే కథ ఆ పేజీలోనే అయిపోతుంది. అందుకని చూసే పని గుడ్లగూబది, మోటు పని నరవానరానిది. గుడ్లగూబ ఎగిరిపోవాలి, చూడాలి, తిరిగొచ్చి చెప్పాలి. ఈ లోపల కాలం గడుస్తుంది, శత్రువు ఇంకో ఎత్తు వేస్తాడు, సమరసేనుడికి ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది. మంత్రశక్తిని ఇట్లా పనివాళ్లకు పంచడం వల్ల దానికి దూరం, వేగం, అలసట వచ్చాయి. పైగా ఇద్దరు మాంత్రికులూ కొట్టుకునేది చచ్చిపోయిన శాక్తేయుడనేవాడి సొత్తు కోసం. ఇంత శక్తి ఉన్నవాళ్లు కూడా వారసత్వ తగాదాలో ఇరుక్కున్న దాయాదుల్లాగే ఉంటారు. పులివెందుల ప్రాంతంలో పెరిగినవాడికి ఆ గొడవ ప్రత్యేకంగా విప్పి చెప్పాల్సిన పని లేదు.

అమెరికాలో బ్రాండన్ శాండర్సన్ అనే రచయిత ఈ విషయాన్నే సూత్రంగా చెప్పాడు. మంత్రం ఎట్లా పనిచేస్తుందో పాఠకుడికి ఎంత తెలిస్తే, దానితో చిక్కుముడి విప్పడానికి రచయితకు అంత హక్కు ఉంటుందన్నది దాని సారం. 2006లో వచ్చిన ఆయన ‘మిస్ట్‌బార్న్’లో మనుషులు లోహపు పొడి మింగి శక్తి తెచ్చుకుంటారు. కడుపులో లోహం అయిపోగానే శక్తీ అయిపోతుంది. చక్కటి ఏర్పాటు. అయితే ఏ లోహానికి ఏ గుణమో పట్టిక వేసుకోవాల్సి వచ్చేటప్పటికి నాకు ఇంటర్ కెమిస్ట్రీ గుర్తొచ్చింది. దాసరి పట్టిక వేయడు. గుడ్లగూబ ఇంకా రాలేదు అని రాస్తాడు, లెక్క మనకే అర్థమవుతుంది.

ఇప్పుడు కొంచెం దగ్గరికి పోయి, సీరియల్ ఒక భాగం ఎట్లా కట్టాడో చూద్దాం. పైన కుండలీకరణాల్లో జరిగిన కథ. నాలుగైదు వాక్యాలు, అంతకు మించవు. అందరూ దాన్ని దాటేసి పోతారు గానీ, నా దృష్టిలో మొత్తం భాగంలో కష్టమైన రాత అదే. ఏళ్ల తరబడి సాగిన రాకాసిలోయలో కేశవుడు, జయమల్లుడు ఎన్ని అడవులు దాటారు, ఎంతమంది చేతుల్లో పడి బయటపడ్డారు! అదంతా చెప్పబోతే పేజీలు చాలవు. కాబట్టి దాసరి వెనకటి కథ మొత్తం చెప్పడు. ఈ నెల కథకు కావాల్సిన ముడి ఒక్కటే అందుకొని, కిందటి నెల ఎక్కడ ఆపాడో అక్కడికి తెచ్చి వదులుతాడు. కొత్తగా చందమామ కొన్నవాడికి దారి తెలుస్తుంది, పాతవాడికి విసుగు పుట్టదు. ఈ రెండూ ఒకే పేరాలో సాధించడం ఎంత కష్టమో సీరియల్ రాసినవాళ్లను అడగాలి.

తర్వాత బొమ్మలు. చందమామలో దాదాపు ప్రతి పేజీకీ ఒక బొమ్మ ఉండేది. దాసరి సీరియళ్లకు ఎక్కువ కాలం వేసింది ‘చిత్ర’, అసలు పేరు టి.వి.రాఘవన్. ఈ బొమ్మల వల్ల రచయిత మీద పడే బరువు ఒకటుంది, దాన్ని మనం గమనించం. పేజీకి ఒక బొమ్మ అంటే, పేజీకి ఒకటన్నా బొమ్మకు పనికొచ్చే సన్నివేశం రాయాలి. పాత్రలు రెండు పేజీల పాటు కూర్చొని ఆలోచించుకుంటామంటే కుదరదు. ఎవడో చెట్టెక్కాలి, ఏదో బండ దొర్లాలి, గుహలోంచి ఒక తల బయటికి రావాలి. మాటలు సాగుతున్నా చేతులు ఏదో పనిలో ఉండాలి. బొమ్మ ఉంది గనక రాతలో వర్ణన తగ్గింది. రాక్షసుడి కోరలు ఎంత పొడవో చిత్ర చూసుకుంటాడు, వాడు ఏం చేశాడో దాసరి చెబుతాడు. వాక్యం పొట్టిగా, క్రియ మీద నడుస్తుంది. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు పెంచిన వచనం అది. అందులో అలంకారానికి చోటు తక్కువ.

చిన్నప్పుడు రాకాసిలోయ అంటే నాకు చిత్ర బొమ్మ కన్నా ముందు గండికోట కనిపించేది. పెన్నా కోసుకుంటూ పోయిన ఆ ఎర్రరాతి లోయ అంచున నిలబడి కిందికి చూసినవాడికి వేరే ఊహ అక్కర్లేదు. మాంత్రికుడు బ్రహ్మదండి ధనరాశుల కోసం వెతికేది జమ్మలమడుగు చుట్టుపక్కలే అనుకునేవాణ్ణి. మా ప్రాంతంలో గుప్తనిధుల కోసం పాత గుళ్లు తవ్వే ముఠాల గురించి పేపర్లో చదివినప్పుడల్లా ఇప్పటికీ అతనే గుర్తుకొస్తాడు. బ్రహ్మదండి భయపెడతాడు, నిజమే. కానీ అతని ఆశ అతని మంత్రం కన్నా పెద్దది, అదే అతన్ని నవ్వులపాలు చేస్తూ వస్తుంది. దాసరి హేతువాది. మంత్రాల మీద నమ్మకం లేని మనిషి కాబట్టే మాంత్రికుణ్ణి లోభిగా, పిరికివాడిగా, గొప్పలు చెప్పుకునేవాడిగా అంత హాయిగా రాయగలిగాడనిపిస్తుంది. నమ్మేవాడికి ఆ చనువు ఉండదు.

నమ్మకం దగ్గరికి వచ్చాం గనక, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ పేరెత్తకుండా పోలేం. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో అది వస్తున్నప్పుడు రాత్రిపూట ఒంటరిగా పెరట్లోకి పోవడానికి జంకినవాళ్లు మా ఇళ్లల్లో ఉన్నారు. దాని పనితనం వేరు. పసిపిల్ల మీద రోజులు లెక్కపెట్టి చంపే చేతబడి, అంటే కథ గోడ మీద క్యాలెండర్ వేలాడదీసి మొదలవుతుంది. పిల్లకు వచ్చింది జబ్బా, ప్రయోగమా అన్న రెండు దారులనూ చివరిదాకా సమానంగా లాక్కొచ్చాడు. నమ్మేవాడూ నమ్మనివాడూ ఇద్దరూ తమదే గెలుపనుకొని పుస్తకం మూస్తారు. ఆ తూకం తప్పకుండా పట్టుకోవడం మామూలు నేర్పు కాదు. ఈ సాహిత్యం మూఢనమ్మకాన్ని పెంచుతోందని రంగనాయకమ్మ గట్టిగా విమర్శించారు. విమర్శలో బలముంది, నవలలో పనితనమూ ఉంది. నాకు అడ్డొచ్చేది వేరే సంగతి. నిపుణులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పాఠం చెప్పి పోతుంటారు. భయం ఆ పాఠాల దగ్గర చల్లబడుతుంది. దాసరి అయితే ఆ చోట బండ దొర్లించేవాడు.

విదేశీ నవలల్లో ఈ మధ్య నాకు బాగా పట్టింది సుసానా క్లార్క్ 2020లో రాసిన ‘పిరనేసి’. అంతులేని మందిరాలు, వాటినిండా శిల్పాలు, కింది అంతస్తుల్లో సముద్రం. అందులో ఉండే మనిషి ఏ పోటు ఎప్పుడు ఏ మందిరంలోకి వస్తుందో లెక్క కట్టి రాసుకుంటాడు. వింత ఎంత పెద్దదైతే కొలత అంత కచ్చితంగా ఉండాలని ఆమెకు తెలుసు. చైనా రచయిత లియు సిషిన్ ‘త్రీ బాడీ ప్రాబ్లం’ అక్కడి సైన్స్ ఫిక్షన్ పత్రికలో 2006లో సీరియల్‌గా వచ్చిందే. పనామా కాలువలో కంటికి కనిపించని సన్నటి తీగలతో ఓడను పొరలు పొరలుగా కోసే ఘట్టం ఉంది. చదివినవాళ్లు మరచిపోరు. మనుషులు మాత్రం అందులో పలచన, ఆలోచనను మోయడానికి వచ్చిన కూలీల్లాగా ఉంటారు. స్టీఫెన్ కింగ్ 1996లో ‘ది గ్రీన్ మైల్’ను నెలకొకటి చొప్పున ఆరు చిన్న పుస్తకాలుగా తెచ్చాడు. అప్పుడది పెద్ద సాహసంగా చెప్పుకున్నారు. వడపళనిలో ఒక ఉద్యోగి నెల జీతానికి అదే పని పాతికేళ్ల పాటు చేశాడు.

నెలనెలా ఆపడంలోనూ దాసరికి ఒక పద్ధతుంది. నాయకుడి మెడ మీద కత్తి పెట్టి ఆపడం అందరూ చేసేదే. వాడు చావడని పిల్లలకు కూడా తెలుసు. దాసరి తరచుగా ఆపేది కొత్తగా ఏదో కనిపించిన చోట, వినిపించిన చోట. పొదల వెనక అలికిడి. కొండ మీద పొగ. ప్రమాదమో సాయమో తెలియదు. చదివినవాడు నెలంతా ఆ పొగ ఏమిటా అని తనే సగం కథ అల్లుకుంటాడు. తర్వాతి సంచికలో దాసరి చెప్పేది వాడు అల్లిన దానికి ఎప్పుడూ పక్కగా పోతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆడవాళ్లకు చేయడానికి పెద్దగా పని దొరకదు. అడవి మనుషులను చూపించే తీరు ఇప్పుడు చదివితే అక్కడక్కడా ముల్లులా గుచ్చుకుంటుంది. రాకాసిలోయ నడుమ చెర నుంచి చెరకు తిరిగే భాగాలు కొన్ని తగ్గించినా పోయేదేం లేదు. చివరి సీరియళ్లలో అలవాటైన చెయ్యి కనిపిస్తుంది, ‘తోకచుక్క’లోని ఆత్రం కనిపించదు. అందుకే ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్న వాటిలో మొదలుపెట్టేవాళ్లకు నేను ‘తోకచుక్క’, దాని కొనసాగింపు ‘మకరదేవత’ చేతిలో పెడతాను, ‘భల్లూక మాంత్రికుడు’ మాత్రం తర్వాత చూసుకోమంటాను. ఒక్కరోజులో చదివేయొద్దని కూడా చెబుతాను, ఎవరూ వినరు.

మా తుమ్మలపల్లె మీద ఎవరన్నా సైన్స్ ఫిక్షన్ నవల రాస్తే బాగుండునని ఉంది. నేల కింద యురేనియం, 2012 నుంచి నడుస్తున్న మిల్లు, కె.కె.కొట్టాల పక్కన వ్యర్థాల చెరువు, దాని చుట్టూ అరటితోటలు, బోరు నీళ్ల మీద జనానికున్న దిగులు. కావలసిన సరుకంతా ఇక్కడే ఉంది. రాసేవాడు మొదటి అధ్యాయంలోనే రేడియోధార్మికత మీద ఉపన్యాసం ఇస్తాడేమోనని నా భయం. దాసరి అయితే అరటితోటకు నీళ్లు కట్టే మనిషితో మొదలుపెడతాడు. మోటారు ఆపి, ఆ మనిషి చెరువు వైపు చెవి ఒగ్గిన చోట మొదటి నెల ఆపేస్తాడు.