ట్యాగ్స్ ఫైలు పనితనం

లక్షల లైన్ల కోడులో ఒక ఫంక్షన్ ఎక్కడుందో చిటికెలో చూపించే చిన్న పనిముట్టు సీట్యాగ్స్. బీఎస్‌డీ యూనిక్స్ కోసం కెన్ ఆర్నాల్డ్ దీన్ని రాశాడు. నేడు యూనివర్సల్ సీట్యాగ్స్ పేరుతో విమ్ ఎడిటర్‌కు తోడుగా ఉంది.

ఇది సోర్సు ఫైళ్లన్నీ ఒకసారి చదివి, ట్యాగ్స్ అనే మామూలు టెక్స్ట్ ఫైలు తయారుచేస్తుంది. లైనుకో పేరు, అది ఉన్న ఫైలు, అక్కడికి చేర్చే ఆనవాలు, మధ్యలో ట్యాబ్‌లు. ఆనవాలుగా లైను నంబరు బదులు ఎక్కువగా ఆ లైనులోని పాఠాన్నే రాసిపెట్టడం మంచి ముందుచూపు. పైన నాలుగు లైన్లు కొత్తగా చేరితే నంబరు తప్పుతుంది గానీ పాఠం తప్పదు.

వేగమంతా పేర్ల వరుసలోనే ఉంది. విమ్ నేరుగా ఫైలు మధ్యకు వెళ్లి, వెతికే పేరు ముందుందో వెనకుందో చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తుంది. మిగిలిన సగంలోనూ అంతే. 10 లక్షల పేర్లున్నా సుమారు 20 పోలికలతో పని తెములుతుంది. ఫైలు వరుసలో ఉందని మొదట్లోని ఒక లైనులో 1 అంకె చెబుతుంది. అక్కడ 0 ఉంటే మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందే. పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాల తేడా చూడవద్దన్నా ఆ తిప్పలు తప్పకపోవచ్చు. అందుకు తగ్గట్టు పేర్చిన ఫైలుకు 2 అంకె ఉంటుంది. వెతుకులాట మందగిస్తే ముందు చూడాల్సింది ఈ అంకెనే.

పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్‌తో కుడి చదరపు బ్రాకెట్ నొక్కితే ఆ నిర్వచనం దగ్గరికి, కంట్రోల్ టీ నొక్కితే వెనక్కి. కోడు మారినప్పుడల్లా ఫైలును మళ్లీ తయారుచేసుకోవాలి. లైనక్స్ కెర్నెల్‌లో అందుకు మేక్ ట్యాగ్స్ ఆదేశం ఉంది.