‘ఒరోటండ్’: నాదం నుంచి ఆడంబరానికి

నిండైన కంఠస్వరాన్ని సూచించే ‘ఒరోటండ్’ అనే ఆంగ్ల విశేషణానికి మూలం లాటిన్. ‘ఓస్’ అంటే నోరు, ‘రొటుండుస్’ అంటే గుండ్రనిది. హొరేస్ ‘ఆర్స్ పొయెటికా’లో ఈ రెండు పదాలనూ కలిపి గ్రీకుల వాక్సౌష్ఠవాన్ని ప్రశంసించాడు. 1827లో జేమ్స్ రష్ కంఠస్వరంపై రాసిన గ్రంథంలో ‘ఒరోటండ్’ను పారిభాషిక పదంగా వాడాడు. కాలక్రమంలో దీనికి డాంబికశైలి అనే నిందార్థమూ చేరింది.

తెలుగులో ‘గంభీరం’ అంటే ప్రశంస మాత్రమే మిగులుతుంది. ‘శబ్దాడంబరం’ అంటే నింద మాత్రమే. అయితే శుక్ల యజుర్వేదంలో ‘ఆడంబర’ ఒక భేరి పేరు. అదీ నాదం నుంచే పటాటోపానికి చేరింది. అర్థబలం లేని నాదం నిందకు గురికావడం రెండు పదాల చరిత్రలోనూ కనిపిస్తుంది. కనుక అనువాదకుడికి నిఘంటువు చాలదు. మూలరచయిత మెచ్చుతున్నాడా, ఎత్తిపొడుస్తున్నాడా అన్నదే ప్రమాణం.