బుక్‌వర్మ్ నుంచి ట్రిక్సీకి: డెబియన్ పనితనం

డెబియన్ లినక్స్ 12వ విడుదల ‘బుక్‌వర్మ్’ 2023 జూన్‌లో వచ్చింది. 13వది ‘ట్రిక్సీ’, 2025 ఆగస్టు 9న వచ్చింది. మొదటిదాన్నుంచి రెండోదానికి మారడానికి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయక్కర్లేదు, డిస్కు ఫార్మాట్ చేయక్కర్లేదు. ప్యాకేజీలు ఎక్కడినుంచి తెచ్చుకోవాలో చెప్పే ఫైల్లో బుక్‌వర్మ్ పేరు తీసి ట్రిక్సీ పేరు రాసి, కొన్ని కమాండ్లు ఇస్తే చాలు. మనుషులు కాపురం ఉంటుండగానే ఇల్లు తిరగగట్టినట్టు, నడుస్తున్న మిషన్ మీదే సిస్టమ్ అంతా మారుతుంది. ఇందులో మాయ లేదు. దీని వెనక ముప్పై ఏళ్ళ ఓపిక ఉంది.

ఏ ప్యాకేజీలు తేవాలి, ఏవి తీసేయాలి, ఏది ముందు అన్న లెక్క ఆప్ట్ అనే ప్రోగ్రాము చూసుకుంటుంది. ఫైళ్ళ మీద చెయ్యి వేసేది దాని కింద ఉండే డీపీకేజీ. దీన్ని 1994లో ఇయాన్ జాక్సన్ సీ భాషలో తిరగరాశాడు.

డీపీకేజీ పాత ఫైలు మీద నేరుగా రాయదు. కొత్తదాన్ని పక్కనే వేరే పేరుతో విప్పుతుంది. అది డిస్కు మీదకు పూర్తిగా చేరాక అసలు పేరుకు మారుస్తుంది. లినక్స్‌లో ఈ పేరు మార్పిడి ఒక్క దెబ్బకు జరిగిపోయే పని. అందుకే ఏ క్షణంలో చూసినా ఆ పేరు కింద పూర్తి పాత ఫైలో, పూర్తి కొత్త ఫైలో ఉంటుంది. సగం ఫైలు ఉండదు. పాత లైబ్రరీని అప్పటికే తెరుచుకున్న ప్రోగ్రాము, తిరిగి మొదలయ్యేదాకా ఆ పాత కాపీతోనే నడుస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, ఏ ప్యాకేజీ ఏ మెట్టు మీద ఆగిందో రాసిపెట్టి ఉంటుంది కాబట్టి, అమర్చడం మిగిలిపోయిన వాటన్నిటినీ ఒక్క కమాండుతో పూర్తి చేయించవచ్చు. ప్యాకేజీల వెంట వచ్చే స్క్రిప్టులను ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే కావాలని డెబియన్ నియమావళి చెబుతుంది. ఆగిపోయిన పనిని ధైర్యంగా మళ్ళీ అందుకోగలిగేది ఆ నియమం వల్లే.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది సెట్టింగుల ఫైళ్ళ దగ్గర చూపే మర్యాద. సర్వరు నడిపేవాళ్ళు ఈ ఫైళ్ళలో ఏళ్ళ తరబడి తమ అవసరాలకు తగ్గట్టు మార్పులు చేసుకుంటారు. డీపీకేజీ తాను మొదట ఇచ్చిన ఫైలు గుర్తును దాచుకుంటుంది. అప్‌గ్రేడ్ సమయంలో ఆ గుర్తును, ఇప్పుడు డిస్కు మీద ఉన్న ఫైలును, కొత్త ప్యాకేజీలో వచ్చిన ఫైలును పోల్చి చూస్తుంది. మీరు ముట్టుకోని ఫైలైతే చడీచప్పుడు లేకుండా కొత్తది పెడుతుంది. మీరు మార్చుకుని, ప్యాకేజీవాళ్ళు మార్చకపోతే మీదే ఉంచుతుంది. ఇద్దరూ మార్చినప్పుడు మాత్రమే ఆగి అడుగుతుంది. అప్పుడు ఊరికే ఎంటర్ నొక్కినా మీ ఫైలే నిలుస్తుంది, కొత్తది పక్కన వేరే పేరుతో ఉంటుంది. కొత్తది కావాలంటే మీ పాతదాన్ని పారేయకుండా దాచిపెడుతుంది. ‘డి’ నొక్కితే రెండింటి తేడా వరసగా చూపిస్తుంది. మీరు కావాలని ఒక సెట్టింగుల ఫైలు తీసేసి ఉంటే, దాన్నీ మీ నిర్ణయంగానే లెక్కించి, మిమ్మల్ని అడగకుండా మళ్ళీ తెచ్చిపెట్టదు. యజమాని చేతిరాతకు ఇంత విలువిచ్చే సాఫ్ట్‌వేర్ అరుదు.

ట్రిక్సీలో ఇంకో పెద్ద పని బయటికి కనపడకుండా జరిగింది. కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెట్టే 32 బిట్ల సంఖ్య 2038 జనవరి 19న నిండిపోతుంది. అది రాకముందే 32 బిట్ల ఆర్మ్ మిషన్లకు ఆ సంఖ్యను 64 బిట్లకు పెంచారు. దానికోసం వందల లైబ్రరీల ప్యాకేజీ పేర్లకు చివర ‘టీ64’ చేర్చారు. పాత లెక్కతో తయారైన ప్రోగ్రాము కొత్త లెక్క లైబ్రరీతో పొరపాటున కలవకూడదని ఈ ఏర్పాటు. మామూలు 64 బిట్ల కంప్యూటర్లలోనూ పేర్లు మారాయి, కానీ వాడేవాళ్ళకు ఏ తేడా తెలియలేదు. 2038లో రాబోయే ఒక రోజు కోసం ఇంత ముందుగానే శ్రమ పడటం నాకు ఎంతో నచ్చింది.

కెర్నెల్ సంగతి తేలిక. ప్యాకేజీ పేరులోనే వెర్షన్ ఉంటుంది కాబట్టి కొత్త 6.12 పక్కనే పాత 6.1 కూడా మిగులుతుంది. కొత్తది మొరాయిస్తే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవచ్చు.

ఈ పనితనానికి హద్దులున్నాయి. 11 నుంచి ఒక్క గెంతులో 13కు వెళ్ళకూడదు, 12 మీదుగానే రావాలి. డెబియన్ బయటినుంచి తెచ్చి పెట్టుకున్న ప్యాకేజీలకు ఈ హామీలేవీ వర్తించవు. చిక్కులు ఎక్కువగా వచ్చేది అక్కడే.

మీ మిషన్‌లో ఇంకా బుక్‌వర్మ్ ఉంటే ముందు బ్యాకప్ తీసుకోండి. విడుదలతో ఇచ్చిన నోట్సు ఓపిగ్గా చదవండి. బయటి ప్యాకేజీల మూలాలను పక్కన పెట్టి, అప్పుడు మొదలుపెట్టండి. డీపీకేజీ మధ్యలో ఆగి ప్రశ్న అడిగితే మాత్రం, జవాబు ఇచ్చే ముందు ఒకసారి ‘డి’ నొక్కి చూడండి.