జో టోపీ

మొన్న ఆదివారం మా మేనల్లుడు 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' చదివేశానన్నాడు. ఎన్ని పేజీలురా అంటే తొంభై అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. డికెన్స్ 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా తన పత్రికలో వారం వారం రాసిన నవల అది. చెరుకు పారేసి పిప్పి నమిలినట్టు, తొంభై పేజీలా! సంక్షిప్తాల మీద నా కోపం మీకు కొత్త కాదు. కానీ ఇంటర్లో నేను చదివిందీ అలాంటి నాన్‌డీటైల్డే. అసలు పుస్తకం పట్టుకున్నది ఈ నెలలోనే, అరవై నాలుగో ఏట.

అందులో జో కమ్మరి. కథానాయకుడు పిప్‌ని ఎత్తుకు పెంచినవాడు. పిప్ లండన్ వెళ్లి దొరబాబు అయ్యాక చూడ్డానికొస్తాడు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలీక చలిమంట గూటి అంచున పెడతాడు. అది పడుతూనే ఉంటుంది, ఈయన వికెట్‌కీపర్‌లా పట్టుకుంటూనే ఉంటాడు. తన చేతుల్లో పెరిగినవాణ్ణి 'సార్' అంటాడు. నేను చదివిన నాన్‌డీటైల్డ్‌లో ఈ టోపీ లేదు.

అక్కడ పుస్తకం మూసేశాను.

మా నాన్నా కమ్మరే, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో. మళ్లీ మా ఊరి పొడుగు ప్లాట్‌ఫారం గోలేనా అనకండి. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి పొడుగులో మమ్మల్ని దాటేశాక దాని ఊసెత్తనని ఒట్టేశాను గానీ ఇవాళ తప్పదు. నేను విశాఖ కాలేజీకి బయల్దేరిన రోజు పక్కన సౌత్ సైడ్ ఆఫీసర్ల బంగళాల పిల్లలిద్దరున్నారు. నాన్న షిఫ్టు దిగి, మసి చొక్కాతోనే, నేను మరిచిపోయిన ఆవకాయ సీసా గుడ్డలో చుట్టుకుని వచ్చాడు. నా పెట్టె ఏదో తెలీదు. ఒక్కో కిటికీలోకీ తొంగిచూస్తూ "సిన్నోడా, ఒరే సిన్నోడా" అని పిలుస్తూ వస్తున్నాడు. నేను చూశాను. చెప్పు సరిచేసుకుంటున్నట్టు కిందికి వంగాను. మా కిటికీ దగ్గర ఆ పిలుపు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముందుకెళ్లింది. ఎంత పొడుగు ప్లాట్‌ఫారమో, చాలాసేపు వినిపించింది.

ఈ కాలమ్‌లో నాన్న గురించి ఎన్నిసార్లు రాశానో మీకే తెలుసు. ఆయన సమ్మెట, గోల్‌బజార్లో చేపల బేరం, మాతాపూజలో తప్పెట. ఆవకాయ సీసా మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఆ టోపీని తీసేసిన మహానుభావుడు ఎవరో గానీ, ఇవాళ ఆయన మీద నాకు కోపం రావడం లేదు. మేనల్లుడికి ఫోన్ చేయాలి.

నవల ఇంకా ముప్పై రెండు అధ్యాయాలుంది.

ఆ దసరాకి ఇంటికెళ్తే, సీసా గుడ్డ విప్పకుండా గూట్లో అలాగే ఉంది. బండి అందలేదని అమ్మతో చెప్పాడట.