కౌసల్య పురుడు: ఒక పరిశీలనము

శ్రీరామజననమునకు వాల్మీకి తిథినక్షత్రములు చెప్పెను. కౌసల్య పడిన నొప్పులను చెప్పలేదు. స్త్రీల రామాయణపు పాట ఆ నొప్పుల కడనే నిలిచినది. పైనుండి వ్రేలాడు త్రాళ్ళను పట్టుకొని, మంత్రసాని సాయమున ఆమె ప్రసవించును. అంబఖండిలో జన్మించిన వెల్చేరు నారాయణరావుగారు 1991 నాటి ఆంగ్లవ్యాసమున ఈ పాటలను స్త్రీల దృష్టికి నిదర్శనముగా చూపిరి. అది సత్యమే. మేము ఇంకొక అడుగు వేయుదుము. ఈ త్రాడు మన యింటిది మాత్రమే కాదు. పూర్వము జపాను స్త్రీలును ప్రసవవేళ త్రాడు పట్టెడివారు. అమరావతి శిల్పమున మాయాదేవి కొమ్మను పట్టి నిలుచున్నది. ఫ్రాన్సు దేశపు వైద్యుడు మోరిసో 1668 నాటి గ్రంథమున మంచమే మేలనెను. పెక్కు ఆసుపత్రులలో నేటికిని అదియే వాడుక.

తరగతిలో ఈ చరణములను సిగ్గుపడి దాటవేసినవారిలో మేమును ఉంటిమి. ఒకనాడు విజయనగరపు విద్యార్థిని యొకతె లేచి, తన నాయనమ్మయు త్రాడు పట్టియే బిడ్డలను కన్నదని చెప్పినది.