సార్ కూడా వెళ్లాలి

పాలిటెక్నిక్‌లోనో, ఇంటర్ ఒకేషనల్‌లోనో కంప్యూటర్ కోర్సు చదివే విద్యార్థి కొన్ని వారాలో నెలలో మరో దేశంలోని సంస్థలో పనిచేస్తాడు. ఆ పని అతని చదువులో భాగంగా లెక్కకొస్తుంది. విదేశీ పని శిక్షణ అంటే ఇంతే. అది ఉద్యోగం కాదు, వీసా కన్సల్టెన్సీలు అమ్మే సరుకు అసలే కాదు. వెళ్లినవాడు తిరిగొచ్చి కోర్సు పూర్తి చేస్తాడు.

దీన్ని ఒక పద్ధతిగా నడుపుతున్నది యూరప్. 2014లో ఎరాస్మస్ ప్లస్ పేరుతో ఒక్కచోటికి చేరిన పథకాల్లో వృత్తి విద్యకూ వాటా ఉంది. బయల్దేరే ముందే విద్యార్థి, పంపే కాలేజీ, తీసుకునే సంస్థ ఒక ఒప్పందంపై సంతకాలు చేస్తారు. ఏం నేర్చుకోవాలి, ఎవరు చూసుకోవాలి, తిరిగొచ్చాక ఆ పనిని ఎలా లెక్కించాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. అదే పథకం పని చూసి నేర్చుకునేందుకు అధ్యాపకులను కూడా 2 నుంచి 60 రోజుల దాకా పంపుతుంది. అక్కడ వాళ్లు పాఠం చెప్పనక్కర్లేదు. పని జరిగే చోట పక్కన కూర్చుని చూసినా చాలు.

తెలంగాణలో ఇంటర్ ఒకేషనల్‌కు ఆన్ ది జాబ్ ట్రైనింగ్, డిప్లొమాకు ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉన్నాయి. హైదరాబాద్ తార్నాకలో మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో కోచింగ్, అదే రైల్లో ఇంకాస్త ముందుకెళితే హైటెక్ సిటీలో ట్రైనింగ్. దేశం దాటే దారులు మాత్రం కంప్యూటర్ విద్యార్థికి ఇరుకు. భారత్, జపాన్ 2017లో టెక్నికల్ ఇంటర్న్ శిక్షణపై ఒప్పందం చేసుకున్నాయి. వ్యవసాయం, నిర్మాణం, యంత్రాల తయారీ వంటి పనులకే అది పనికొస్తుంది, సాఫ్ట్‌వేర్‌కు కాదు. అయితే ఎక్కువమందికి తెలియని ఒక వెసులుబాటు ఉంది. కంప్యూటర్ కోర్సుల పరీక్షలు పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ ఒకప్పుడు డోయెక్‌గా ఉన్నప్పటి ఏ, బీ, సీ లెవెల్ పరీక్షలను జపాన్ ఇమ్మిగ్రేషన్ గుర్తించింది. అవి పాసైనవారికి ఐటీ పని వీసాకు డిగ్రీ నిబంధన అడ్డురాదు. అది ఉద్యోగానికి దారి, శిక్షణకు కాదు.

జర్మనీ దారి వేరు. అక్కడ 1997 నుంచి ఫాఖ్‌ఇన్ఫర్మాటికర్ అనే మూడేళ్ల వృత్తి శిక్షణ ఉంది. కొంతకాలం కంపెనీలో, కొంతకాలం వృత్తి పాఠశాలలో సాగే ఈ శిక్షణ చివర పరిశ్రమల, వాణిజ్య మండలి పరీక్ష పెడుతుంది. శిక్షణ పొడవునా రాయాల్సిన పని పుస్తకం ఒకటుంటుంది. ఈ వారం ఏ సర్వర్ సరిచేశారు, ఏ లోపం ఎందుకొచ్చింది, ఏ పాఠం విన్నారు అని విద్యార్థి రాస్తాడు, శిక్షకుడు చదివి సంతకం పెడతాడు. అది పూర్తికాకపోతే చివరి పరీక్షకు రానివ్వరు. మన ల్యాబ్ రికార్డునూ దాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక్కడ పోయినేడాది సీనియర్ రాసిన ప్రోగ్రామూ అవుట్‌పుట్టూ అందమైన చేతిరాతలోకి ఎక్కుతాయి, కింద ఎర్రసిరా సంతకం పడుతుంది. ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోయిందో రాసే చోటు ఆ రికార్డులో ఉండదు.

ఈ తేడా విద్యార్థి ఒక్కడికే తెలిస్తే లాభం తక్కువ. అతను పాసై వెళ్లిపోతాడు, రికార్డు పద్ధతి అలాగే ఉండిపోతుంది. కొత్తగా చేరినవాడికి ఎవరో రాసిన పాత కోడ్ చేతికిచ్చి, చిన్న లోపం వెతకమని, సరిచేసింది ఇంకొకరితో చదివించమని టీమ్ లీడ్ చెప్పడాన్ని అధ్యాపకుడు నెలరోజులు దగ్గరుండి చూస్తే వచ్చే ఏడాది క్లాసు తీరే మారుతుంది. సెకండియర్ పిల్లలకు తెల్లకాగితం బదులు సగం చెడిన ప్రోగ్రాం ఇస్తాడు.

నేర్పేవారికి ముందు నేర్పాలన్న పద్ధతి తార్నాక పక్కనే ఉన్న ఉస్మానియా క్యాంపస్‌కు కొత్తేం కాదు. 1958లో ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పుట్టిందే ఇంగ్లిష్ చెప్పే మాస్టార్లకు తర్ఫీదు ఇవ్వడానికి. అది 1972లో సీఫెల్, 2007లో ఇఫ్లూ అయింది. 1964లో భారత ప్రభుత్వం మొదలుపెట్టిన ఐటెక్ పథకం కింద విదేశీయులు శిక్షణకు ఇఫ్లూకు వస్తున్నారు. విమానం చార్జీలు, బస, భత్యం భారత్‌వే. ఇతర దేశాల వాళ్లు తార్నాక దాకా వచ్చి నేర్చుకునే ఏర్పాటు ఉండగా, ఇక్కడి కంప్యూటర్ అధ్యాపకుడు బయటికెళ్లి చూసొచ్చే ఏర్పాటు మామూలు విషయం కాకపోవడం విడ్డూరం.

భాష సంగతీ ఇఫ్లూలోనే తేలుతుంది. జర్మనీ శిక్షణ వీసాకు సాధారణంగా జర్మన్ భాషలో బీ1 స్థాయి కావాలి. అది ఆఖరి సెమిస్టర్‌లో కోచింగ్‌కు పరిగెడితే వచ్చేది కాదు, ఫస్టియర్‌లోనే మొదలుపెట్టాలి. ఇఫ్లూలో జర్మన్, జపనీస్ రెండూ చెబుతారు. పాలిటెక్నిక్‌లు ఆ సంస్థతో మాట్లాడుకుని భాషకు క్రెడిట్లు ఇవ్వడం కష్టమేమీ కాదు.

సాంకేతిక విద్యా శాఖ విదేశీ సంస్థతో ఏ ఒప్పందం రాసుకున్నా, ఎంతమంది విద్యార్థులు వెళతారన్న గడి పక్కన ఎంతమంది అధ్యాపకులు వెళతారన్న గడి కూడా పెట్టాలి. ఆ గడి ఖాళీగా ఉన్న ఒప్పందంపై సంతకం చేయకూడదు.