షటిల్ వైపు చూడని సారు

రియో ఒలింపిక్స్‌కు ముందు గచ్చిబౌలి బ్యాడ్మింటన్ అకాడమీలో కోచ్ పుల్లెల గోపీచంద్ పి.వి. సింధును కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరవమన్నారు. చుట్టూ తోటి ఆటగాళ్లు, కోచ్‌లు. అరిచేదాకా రాకెట్ పట్టుకునేది లేదన్నారు. ఆ అమ్మాయికి స్మాష్ కొట్టడం రాక కాదు. కోర్టులో మరీ నెమ్మదిగా, మొహమాటంగా ఉంటోందని ఆయనకు తోచింది. 2016లో ఆ అరుపులు టీవీలో మనమంతా విన్నాం.

ఇదే మందు కిదాంబి శ్రీకాంత్‌కు పనిచేసేది కాదు. డబుల్స్ ఆడుకునే ఆ గుంటూరు కుర్రాణ్ణి సింగిల్స్‌కు మళ్లించారు. 2017లో అతను నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు.

గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత. నన్నడిగితే, అంత ఆట ఆడినవాళ్లకు కోచింగ్‌లో మొదటి అడ్డంకి వాళ్ల ఆటే. ‘నేనైతే ఇలా కొట్టేవాణ్ణి’ అనే మాట నాలుక చివరే ఉంటుంది. కానీ ఎదురుగా ఉన్న పిల్లకు ఆయన కాళ్లు లేవు, ఆయన మోకాలి ఆపరేషన్లూ లేవు.

మా పేటలో పిల్లవాణ్ణి షటిల్‌కు దింపి గోడవారన కూర్చుంటాను కాబట్టి సార్లను చూడటం అలవాటైంది. ఒకాయన గంటసేపూ ‘కాళ్లు కదుపు, కాళ్లు కదుపు’ అని గొంతు చించుకుంటారు. పిల్లలు కదుపుతూనే ఉంటారు, షటిల్ అందదు. ఇంకొకాయన మల్టీ షటిల్ ఫీడింగ్ చేస్తూ, వేసిన షటిల్ ఎక్కడ పడిందో అసలు చూడరు. చూపంతా పిల్లల మడమల మీదే. ఓ రోజు మావాడు నెట్ దగ్గరికి ప్రతిసారీ ఆలస్యంగా వస్తుంటే ఆపించి, ‘అవతలివాడు కొట్టే క్షణంలో చిన్న ఎగురు ఎగురు, చాలు’ అన్నారు. తప్పు పరుగులో లేదు, పరుగు మొదలవకముందే ఉంది. నేను అంతసేపూ రాకెట్‌నే చూస్తున్నాను.

ఆ చూపు చదువుతోనే రాదు. అలాగని పటియాలా కోచింగ్ డిప్లొమాను తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. పన్నెండేళ్ల మోకాలు ఎంత బరువు మోస్తుందో తెలియని అనుభవం పిల్లలకు ప్రమాదం. చదువుకు తోడు, కోర్టు పక్కన ఏళ్ల తరబడి నిలబడాలి. అదీ పేరు రాకుండా. సింధు చేత మొదట రాకెట్ పట్టించింది సికింద్రాబాద్ రైల్వే కోర్టుల్లో మహబూబ్ అలీ. సైనా నెహ్వాల్‌కు ఎల్బీ స్టేడియంలో నాని ప్రసాద్. గోపీచంద్‌నే తీర్చిదిద్దినవారిలో ఆరిఫ్ సారు ఒకరు. పతకం రోజున ఫొటోలో మహబూబ్ అలీని, నాని ప్రసాద్‌ను వెతికేదెవరు?

శిష్యులను ఇంకొకరి చేతికి ఇవ్వగలగడం మరీ కష్టం. 2019లో సింధు ప్రపంచ చాంపియన్ అయిన ఏడాది ఆమెతో దక్షిణ కొరియా కోచ్ కిమ్ జి హ్యూన్ కూడా పనిచేశారు. మన పేటల్లో మాత్రం పిల్లవాడు వేరే అకాడమీకి వెళ్తానంటే సారు మూతి ముడుచుకుంటారు. ఫీజు పోతుందన్న బాధ అర్థమవుతుంది. మా మడమల సారు మాత్రం, వెళ్లే పిల్లలకు కొత్త కోచ్‌కు చూపించమని చీటీ రాసిస్తారు: ఏది వచ్చింది, ఏది రాలేదు, ఏ మోకాలు జాగ్రత్త.